బండల మీద పొదుపు

తెలుగు సినిమావాళ్ళ డబ్బు గురించి మన ఇళ్ళల్లో రెండు కథలు తరచుగా వినిపిస్తాయి. మొదటిది చిత్తూరు నాగయ్య, సావిత్రిలది. చేతికి ఎముక లేకుండా పెట్టారు, ముందుచూపు లేక చివరి రోజుల్లో అవస్థపడ్డారు అంటారు. రెండోది శోభన్‌బాబుది. ఆదివారం షూటింగుకు రాడు, సాయంత్రం ఆరు దాటితే మేకప్ తీసేస్తాడు, వచ్చిన రూపాయిని భూమి మీద పెడతాడు, అందుకే దర్జాగా బతికాడు అంటారు. ఖర్చుపెట్టినవాడు చెడ్డాడు, కూడబెట్టినవాడు బాగుపడ్డాడు అన్న నీతికి ఈ కథలు చక్కగా అతుకుతాయి. పిల్లలకు చెప్పడానికి బాగుంటాయి కూడా. కానీ జూబ్లీహిల్స్, ఫిలింనగర్ గుట్టలు గత అరవై ఏళ్ళలో ఎలా నిండాయో, ఆ గుట్టల దిగువన కృష్ణానగర్ ఎందుకు అలాగే మిగిలిపోయిందో చూస్తే ఈ నీతి నిలబడదు. సినిమాలో సంపాదించి తిరిగి సినిమాలోనే పెట్టిన డబ్బు చాలావరకు పోయింది. సినిమా గడప దాటి బయటపడిన డబ్బు చాలావరకు నిలిచింది. ఎవరి డబ్బు ఆ గడప దాటగలిగిందన్న దాంట్లో మనిషి గుణానికి ఉన్న పాత్ర మనం అనుకునేంత పెద్దది కాదు. పన్ను చట్టం, హౌసింగ్ సొసైటీ సభ్యత్వం, చిట్టీకి జామీను, బ్యాంకు అడిగే జీతం చీటీ, ఇవే ఎక్కువగా దాన్ని తేల్చాయి.

ముందు సినిమా ఆదాయం తీరు చూడాలి. పొదుపు గురించి పత్రికల్లో రాసే సలహాలన్నీ నెల జీతగాణ్ణి మనసులో పెట్టుకుని రాసినవి. ఒకటో తారీఖు జీతం పడగానే ఇంత పక్కన తీసెయ్యండి, మిగిలింది ఖర్చుపెట్టుకోండి అంటారు. సినిమాలో ఒకటో తారీఖు లేదు. సినిమా ఒప్పుకున్నప్పుడు అడ్వాన్సు, షెడ్యూలు నడుస్తున్నప్పుడు కొంత, మిగతాది రిలీజుకు ముందు సెటిల్‌మెంటు. సినిమా ఆగిపోతే ఆ మిగతాది కూడా ఆగిపోతుంది. ఒకప్పుడు ముందు తేదీ వేసిన చెక్కులిచ్చి సరిపెట్టేవారు. చెక్కు చెల్లకపోవడం నేరంగా మారింది 1989 ఏప్రిల్ నుంచి మాత్రమే. అంతకు ముందు ఆ కాగితం విలువ ఇచ్చినవాడి మాట విలువంతే. ఒక ఏడాది కాల్షీట్ల వెంట పరుగు, మరో ఏడాది ఫోను మోగదు. ఇలాంటి ఆదాయంలో అసలు చిక్కు ఎంత దాచాలన్నది కాదు. మంచి ఏడాది ఒక్కసారిగా వచ్చిపడిన మొత్తాన్ని చెడ్డ ఏడాది దాకా ఎక్కడ ఉంచాలి? చేతిలో ఉంటే అడిగేవాళ్ళుంటారు. బ్యాంకులో ఉంటే పన్నువాళ్ళు చూస్తారు. పరిశ్రమలోనే తిప్పితే ఎవరో నిర్మాత సినిమాలో ఇరుక్కుంటుంది.

నాగయ్య విషయంలో దానధర్మాల మాట నిజమే. కానీ ఆయన్ని కుంగదీసిన వాటిలో సొంత సినిమాల వాటా చిన్నది కాదు. 1946లో తీసిన ‘త్యాగయ్య’ పేరు, గౌరవం తెచ్చింది. ఆ నమ్మకంతోనే తర్వాత తీసిన ‘నా ఇల్లు’ (1953), ‘రామదాసు’ (1964) చేతులు కాల్చాయి. 1973 డిసెంబరులో ఆయన పోయేనాటికి, ఒకప్పుడు దక్షిణాదిలోనే పెద్ద పారితోషికాలు అందుకున్న నటుడు చిన్నచిన్న వేషాలతో నెట్టుకొస్తున్నాడు. ‘గుణసుందరి కథ’తో హాస్యనటుల్లో మొదటి స్టారనిపించుకున్న కస్తూరి శివరావు 1950లో ‘పరమానందయ్య శిష్యులు’ సొంతంగా తీసి దెబ్బతిన్నాడు. ఆ తర్వాత కోలుకోలేదు. సావిత్రి 1968లో ‘చిన్నారి పాపలు’కు దర్శకత్వం వహించింది. ‘మూగమనసులు’ కథనే తమిళంలో ‘ప్రాప్తం’గా 1971లో తానే నిర్మించి, దర్శకత్వం వహించి విడుదల చేసింది. ఆస్తులు కరగడానికి ఆ సినిమా, పన్ను బకాయిలు ఎంత కారణమో తాగుడు, నమ్మినవాళ్ళ మోసం అంత కారణం. కానీ జనం జ్ఞాపకంలో రెండో సగమే మిగిలింది. ఈ ముగ్గురి జీవితాల్లో ఉమ్మడిగా కనిపించేది విలాసం కాదు. తమకు తెలిసిన ఒకే ఒక్క వ్యాపారంలోకి, తాము అందులోనే సంపాదించిన డబ్బును, పెద్ద మొత్తాల్లో వెనక్కి పంపారు.

అలా పంపడం తెలివితక్కువతనం అనడం అన్యాయం. సినిమాకు పరిశ్రమ హోదా వచ్చింది 1998లో. బ్యాంకులు నిర్మాణానికి అప్పిచ్చే దారి తెరుచుకున్నది ఆ తర్వాతే. అప్పటిదాకా నిర్మాతకు దిక్కు పంపిణీదారుడి అడ్వాన్సు, లేదా నూటికి రెండు మూడు రూపాయల నెల వడ్డీకి ఫైనాన్షియరు. మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. అంత వడ్డీ కట్టే పరిశ్రమలో, తన సొంత డబ్బు వడ్డీ లేకుండా వాడుకోవచ్చు అని ఒక నటుడికి తోచడం సహజం. పైగా పారితోషికం ఎంత పెద్దదైనా, లాభాల్లో వాటా ముందు చిన్నదే. తన ముఖం చూసి టికెట్టు కొంటున్నారని తెలిసినవాడు, ఆ లాభం ఇంకొకడికి ఎందుకు వదలాలి అనుకుంటాడు. లెక్క తప్పు కాదు. లెక్కలో లేనిది ఒక్కటే: జీతం, పెట్టుబడి రెండూ ఒకే వ్యాపారం మీద ఆధారపడితే, ఆ వ్యాపారం పడినప్పుడు రెండూ కలిసి పడతాయి. నటుడికి వేషాలు తగ్గేదీ, అతని సొంత సినిమా ఆడనిదీ చాలాసార్లు ఒకే కాలంలో, ఒకే కారణంతో.

మరి డబ్బు భూమివైపు ఎందుకు మళ్ళింది? ఇక్కడ పన్నుల చరిత్ర తప్పించుకోలేం. 1970ల మొదట్లో మన దేశంలో ఆదాయపు పన్ను పై అంచు 97.75 శాతం. రెండు లక్షలు దాటాక సంపాదించిన ప్రతి వంద రూపాయల్లో చేతికి మిగిలేది రెండుంపావలా. అదే రోజుల్లో పెద్ద హీరోల పారితోషికాలు లక్షల్లోకి వెళ్తున్నాయి. ఫలితంగా తెల్లది కొంత, నల్లది కొంత అన్న లెక్క సినిమాలో మామూలైంది. నల్లది బ్యాంకుకు పోలేదు, షేర్లకు పోలేదు. భూమికి పోగలిగింది, ఎందుకంటే రిజిస్ట్రేషను కాగితం మీద రాసే ధర ఒకటి, చేతులు మారే ధర మరొకటి. దీన్ని పొగడాల్సిన పని లేదు. కానీ తెలుగు సినిమావాళ్ళ పొదుపు ఎందుకు రాళ్ళ గుట్టల రూపం తీసుకుందో అర్థం కావాలంటే ఈ మాట చెప్పక తప్పదు. పన్ను రేటు తగ్గాక కూడా అలవాటు మారలేదు. ఆమాటకొస్తే ఇది సినిమావాళ్ళ ఒక్కరి అలవాటూ కాదు. 2017లో రిజర్వు బ్యాంకు నియమించిన కుటుంబ ఆర్థిక కమిటీ లెక్క ప్రకారం సగటు భారతీయ కుటుంబం ఆస్తిలో 84 శాతం ఇళ్ళు, భూములు, ఇతర వస్తువుల్లో, 11 శాతం బంగారంలో ఉంటే, బ్యాంకు, బీమా, షేర్లు అన్నీ కలిసి 5 శాతం. ఫిలింనగర్ దేశం చేసిందే కాస్త ఎత్తున చేసింది.

ఆ గుట్టల కథ మద్రాసు నుంచి మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కూడా రెండు దశాబ్దాలకు పైగా తెలుగు సినిమా టి.నగర్, కోడంబాకంలలోనే బతికింది. హైదరాబాదులో 1950ల చివర అమీర్‌పేటలో సారథి స్టూడియో వచ్చినా పరిశ్రమ కదల్లేదు. ఈలోగా షేక్‌పేట పరిధిలోని బండరాళ్ళ మీద ఒక సహకార గృహనిర్మాణ సంఘం పని మొదలుపెట్టింది. ఐఏఎస్ అధికారి చల్లగళ్ళ నరసింహారెడ్డి చొరవతో 1960ల్లో నిలదొక్కుకున్న జూబ్లీహిల్స్ సొసైటీ అది. నీళ్ళు లేవు, రోడ్డు లేదు, రాత్రయితే దీపం లేదు. ప్లాటు తీసుకోమని సభ్యుల్ని బతిమాలాల్సిన రోజులు. అక్కినేని నాగేశ్వరరావు 1960ల్లోనే హైదరాబాదుకు మకాం మార్చాడు. బంజారాహిల్స్ అంచున 22 ఎకరాల్లో భార్య పేరిట అన్నపూర్ణ స్టూడియోస్ కట్టాడు. 1976 జనవరిలో రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ దాన్ని ప్రారంభించారు. 1980ల్లో కృష్ణ పద్మాలయా స్టూడియోస్, ఆ దశాబ్దం చివర రామానాయుడు తన స్టూడియో ఫిలింనగర్ గుట్ట మీద కట్టారు. వాటి చుట్టూ సినిమావాళ్ళ సొసైటీ ప్లాట్లు, ఫిలిం ఛాంబరు, గుడి, క్లబ్బు వచ్చాయి. పాతికేళ్ళు గడిచేసరికి ఎవరూ వద్దన్న బండ నగరంలో అందరూ కోరుకునే చిరునామా అయింది.

ఇక్కడ ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది. స్టూడియో కట్టడమంటే సినిమాలో సంపాదించింది సినిమాలో పెట్టడమే కదా, అయినా అక్కినేని, కృష్ణ, రామానాయుడు చెడలేదు కదా, అని. సరైన ప్రశ్నే. జవాబు ఆ స్టూడియోల లెక్కల్లో ఉంది. ఫ్లోర్ల అద్దె మీద బతకడం ఏ స్టూడియోకూ సులువు కాలేదు. అవుట్‌డోర్ షూటింగులు పెరిగాయి. 1996లో రామోజీ ఫిలింసిటీ వచ్చింది. మద్రాసులో వాహినీ లాంటి మహా స్టూడియో స్థలంలో హోటలు, ఆసుపత్రి లేచాయి. అంటే స్టూడియో వ్యాపారం ఒడిదొడుకుల్లో ఉన్నా, దాని కింది నేల విలువ పెరుగుతూ పోయింది. సొంత సినిమా ఆడకపోతే రీళ్ళు మిగులుతాయి. స్టూడియో నడవకపోతే ఎకరాలు మిగులుతాయి. ఈ ముగ్గురూ పెద్ద నిర్మాతలే, వాళ్ళ సినిమాలూ పోయాయి. కానీ పోయిన సినిమా లాక్కుపోలేనిది ఒకటి పక్కన ఉంది. శివరావుకు, సావిత్రికి చివరికి మిగలనిది అదే.

శోభన్‌బాబు దీన్ని అందరికంటే ముందే గ్రహించాడు. మద్రాసులో స్థలాలు కొన్నాడు, తోటి నటులకూ కొనమని చెప్పాడు. భూముల వైపు తనను తిప్పింది ఆయన మాటే అని నటుడు, జయభేరి రియల్ ఎస్టేట్ సంస్థ అధినేత మురళీమోహన్ చాలా సందర్భాల్లో చెప్పుకున్నారు. తమాషా ఏమిటంటే, ఫిలింనగర్‌లో ప్లాటు కొన్న ప్రతివాడూ గురువుగా తలచుకునే ఈ మనిషి హైదరాబాదుకు మారనే లేదు. 1990ల మధ్యలో నటన మానేసి, 2008లో పోయేదాకా చెన్నైలోనే ఉన్నాడు. ఆయన పద్ధతిలో గమనించాల్సింది పొదుపరితనం కంటే క్రమం. ఒక సినిమా డబ్బు రాగానే, ఇంకో సినిమా ఆశలోకి పోకముందే, అది అమ్మడం కష్టమైన ఆస్తిగా మారిపోవాలి. బ్యాంకు డబ్బు అడిగితే తీసి ఇస్తాం. స్థలం అమ్మాలంటే బేరం, కాగితాలు, నెలల సమయం కావాలి. ఆ జాప్యమే కాపలా. ఒక్కసారిగా వచ్చి పడే ఆదాయానికి ఇంతకంటే మంచి తాళం ఆ రోజుల్లో లేదు.

రెండో అభ్యంతరం మరింత పదునైనది. ఇది పొదుపా, ప్రభుత్వ దయా? స్టూడియోలకు, సొసైటీలకు ప్రభుత్వం నామమాత్రపు ధరకు భూమి ఇచ్చింది, నగరం ఆ వైపు పెరిగింది, వాళ్ళు కోటీశ్వరులయ్యారు, ఇందులో గృహస్థు నేర్చుకునేదేముంది అని. ఇందులో నిజముంది, ఒప్పుకోవాలి. మద్రాసులో ఉన్న పరిశ్రమను రప్పించాలని ప్రభుత్వాలు పోటీపడి రాయితీలిచ్చాయి. 1976 పట్టణ భూపరిమితి చట్టం ప్రకారం హైదరాబాదులో సామాన్యుడి దగ్గర వెయ్యి చదరపు మీటర్లకు మించి ఖాళీ స్థలం ఉండకూడదు. అదే కాలంలో పదులకొద్దీ ఎకరాల కేటాయింపులు జరిగాయి. ఆ తర్వాత ఆ వైపు హైటెక్ సిటీ వస్తుందని 1976లో ఎవరూ ఊహించలేదు. అదృష్టమే. కానీ ఈ అభ్యంతరం నా వాదాన్ని కొట్టెయ్యదు, బలపరుస్తుంది. పొదుపు నిలబడటానికి మంచి బుద్ధి సరిపోలేదు. డబ్బును బయటికి చేర్చే ఒక వాహనం కావాల్సి వచ్చింది. సొసైటీ సభ్యత్వం అలాంటి వాహనం. అది వాయిదాల్లో డబ్బు కట్టించుకుంటుంది, మధ్యలో వెనక్కి ఇవ్వదు, చివర్లో ఇంటి స్థలం ఇస్తుంది. ఆ వాహనం ఎక్కే అర్హత పేరున్నవాళ్ళకు ముందు దొరికింది, మిగతావాళ్ళకు ముప్పై ఏళ్ళు ఆలస్యంగా దొరికింది. ఆ తేడా చూడాలంటే జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి యూసుఫ్‌గూడ వైపు గుట్ట దిగితే చాలు.

కృష్ణానగర్, ఇందిరానగర్. లైట్‌మెన్, మేకప్, కాస్ట్యూమ్స్, సెట్ వడ్రంగులు, డాన్సర్లు, ఫైటర్లు, జూనియర్ ఆర్టిస్టులు, వేషం కోసం ఊళ్ళొదిలి వచ్చినవాళ్ళు, అసిస్టెంటు డైరెక్టర్లు. సినీ కార్మికుల ఫెడరేషన్ లెక్కలో 24 క్రాఫ్ట్స్. తెల్లవారుజామున సెంటర్లో నిలబడితే ఏజెంటు పేర్లు పిలుస్తాడు, బస్సెక్కిస్తాడు. పనికి రోజు లెక్కన కూలి, పైన బేటా. ఏజెంటు కమీషను పోను మిగిలింది చేతికి, అదీ కొన్నిసార్లు వారాలు గడిచాక. 2008లో వచ్చిన ‘నేనింతే’ ఈ బతుకును తెరకెక్కించింది గాని, దాని డబ్బు లెక్క తెరకెక్కించదగ్గంత నాటకీయంగా ఉండదు. నెలకు పన్నెండు రోజులు పని దొరికితే మంచి నెల అనుకునేవాడికి అద్దె మాత్రం ముప్పై రోజులకూ కట్టాలి.

ఇక్కడ పొదుపంటే చిట్టీ. హైదరాబాదులో సంస్థగా చిట్టీల వ్యాపారం పెరిగింది 1960ల్లో, 1962లో మార్గదర్శి మొదలైన కాలంలో. దాని పని తీరు తెలిసిందే అయినా లెక్క ఒకసారి చూద్దాం. ఇరవై మంది, నెలకు ఐదు వేలు, ఇరవై నెలలు: లక్ష రూపాయల చిట్టీ. ఒక నెల అవసరమున్నవాడు పాతిక వేలు తగ్గించి పాడుకుంటే 75 వేలు చేతికొస్తాయి. ఆ పాతికలో కంపెనీ కమీషను ఐదు వేలు (2019 సవరణతో నూటికి ఏడు దాకా తీసుకోవచ్చు), మిగతా ఇరవై వేలు తలా వెయ్యి. ఆ నెల అందరూ నాలుగు వేలు కడితే సరి. దాచుకునేవాడికి, అప్పు కావాల్సినవాడికి ఒకే బల్ల. పైగా నలుగురిలో కట్టకపోతే పరువు పోతుందన్న భయం బ్యాంకు పంపే నోటీసుకంటే గట్టిగా పనిచేస్తుంది. ఒక్కసారిగా వచ్చే ఆదాయాన్ని కట్టడి చెయ్యడానికి ఇది బాగానే ఉండాలి. కానీ రెండు మెలికలున్నాయి. మొదటిది, కంతు నెలనెలా కట్టాలి. పని నెలనెలా ఉండదు. రెండోది, అసలు అడ్డం: రిజిస్టర్డ్ కంపెనీలో చిట్టీ పాడుకున్నాక డబ్బు చేతికి రావాలంటే జామీను పెట్టాలి. జామీనుదారుకు జీతం చీటీ ఉండాలి, వీలైతే ప్రభుత్వ ఉద్యోగి కావాలి. లైట్‌మన్‌కు జామీనుగా మరో లైట్‌మన్ పనికిరాడు. దాంతో అతను వీధిలో ఎవరో నడిపే కాగితం లేని చిట్టీకి పోతాడు. ఆ నడిపేవాళ్ళు ఎప్పుడో ఒక రాత్రి ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతారు. చిట్‌ఫండ్ చట్టం 1982 నాటిది. దాని నీడ అవసరమున్నవాడికి ఆ నీడ కిందికి రావడానికి కావాల్సిన చీటీ లేదు.

అందుకే నా దృష్టిలో కృష్ణానగర్ ఆడవాళ్ళ బంగారం కొనుగోళ్ళను ఆడంబరంగా చూడటం పొరపాటు. బంగారానికి కంతు లేదు. సెటిల్‌మెంటు వచ్చిన రోజు రెండు గ్రాములు కొనొచ్చు, ఆరు నెలలు ఏమీ కొనకపోవచ్చు, ఎవరూ జరిమానా వెయ్యరు. పని లేని నెలలో జామీను అడగకుండా తాకట్టు పెట్టుకుంటారు. జీతం చీటీ లేనివాడికి అప్పు పుట్టించే ఒకే ఒక్క వస్తువు అది. వడ్డీ కట్టలేక పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారన్నదీ నిజమే. అయినా ఒడిదొడుకుల ఆదాయానికి ఇది సరిపోయినంతగా నెలవారీ డిపాజిటు సరిపోదు.

సంస్థల్ని నమ్మినవాళ్ళు మాత్రం ఎంత సుఖపడ్డారు అని అడిగేవాళ్ళుంటారు. 2001లో కృషి బ్యాంకు మూతపడింది. ఆ వెంటనే చార్మినార్, ప్రుడెన్షియల్ సహకార బ్యాంకులు కూలాయి. నగరంలో వేలాది మధ్యతరగతి కుటుంబాల డిపాజిట్లు ఇరుక్కున్నాయి. అప్పట్లో డిపాజిటు బీమా లక్ష రూపాయలకే. అది 5 లక్షలైంది 2020లో. ఆ బ్యాంకులు కూలిన పదేళ్ళకు పైగా తర్వాత అగ్రిగోల్డ్ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లక్షల మందిని ముంచింది. కాబట్టి గడప దాటిన డబ్బంతా నిలిచిందని నేననడం లేదు. ఎక్కువ వడ్డీ ఆశ చూపిన చోటికి దాటిన డబ్బు పోయింది. నిలిచింది తన కాగితం తన చేతిలో ఉన్న డబ్బు: ప్లాటు, ఇల్లు, నగ, బీమా ఉన్నంత మేర బ్యాంకు డిపాజిటు.

కార్మికులకు కూడా ప్లాటు కావాలన్న ఆలోచన చేసినవాడు ఒక డాక్టరు. ఉస్మానియాలో ఎంబీబీఎస్ చదివి విలన్ వేషాలు వేసిన ఎం.ప్రభాకరరెడ్డి, సినీ కార్మికుల గృహనిర్మాణ సంఘం వెంట పడ్డాడు. మణికొండలో ప్రభుత్వం ఇచ్చిన 67 ఎకరాల్లో ఆయన పేరుతోనే చిత్రపురి కాలనీ రూపుదిద్దుకుంది. ఆయన 1997లో పోయాడు. ఇళ్ళు సభ్యుల చేతికి రావడం మొదలైంది 2010 తర్వాత. మధ్యలో కోర్టు కేసులు, కార్మికులు కానివాళ్ళకు ఇళ్ళిచ్చారన్న ఫిర్యాదులు, విచారణలు. హీరోల సొసైటీ ప్లాట్లు ధర పెరగకముందు వచ్చాయి. కార్మికుడి ఫ్లాటు ధర పెరిగాక, నిర్మాణ ఖర్చూ పెరిగాక, బ్యాంకు అప్పు మీద వచ్చింది. అయినా చిత్రపురిలో ఫ్లాటు దక్కినవాడికి, కృష్ణానగర్‌లో అద్దెకున్న అతని తోటివాడికి ఈ రోజు ఉన్న తేడా చూస్తే, ఇద్దరూ ఒకే కూలి తీసుకున్నవాళ్ళంటే నమ్మబుద్ధి కాదు. ఆ తేడాకు గుణం కారణమంటారా? ఒకడు సంఘం తలుపు తెరిచి ఉన్నప్పుడు సభ్యుడయ్యాడు, రెండోవాడు కాలేదు.

చట్టం వీళ్ళను పూర్తిగా మరిచిపోయిందనడానికీ లేదు. 1981లో పార్లమెంటు సినీ కార్మికుల కోసం ఒకేసారి మూడు చట్టాలు చేసింది. ప్రతి సినిమా సెన్సారుకు వెళ్ళేటప్పుడు వెయ్యి రూపాయలతో మొదలై తర్వాత పెరిగిన సెస్సు, ఆ సెస్సుతో సంక్షేమ నిధి. కనీసం 5 సినిమాలకు పనిచేసినవాడికి వైద్యం, పిల్లల చదువుకు సాయం. జీఎస్టీ వచ్చేనాటికి ఆ సెస్సు రద్దయింది. ఉన్నన్నాళ్ళూ కూడా అది సాయం చేసే నిధేగాని కార్మికుడి సొంత పేరు మీద పెరిగే ఖాతా కాదు. ప్రావిడెంటు ఫండు రావాలంటే ఒక సంస్థ ఉండాలి. సినిమా కంపెనీ చాలాసార్లు ఒక సినిమాకు పుట్టి ఆ సినిమాతో పోతుంది. 2020 మార్చిలో షూటింగులు ఆగినప్పుడు ఈ ఏర్పాటు విలువెంతో తేలిపోయింది. కొద్ది వారాల్లోనే చిరంజీవి ఆధ్వర్యంలో కరోనా క్రైసిస్ ఛారిటీ పెట్టి బియ్యం, పప్పు పంచాల్సివచ్చింది. ఆ సాయం మెచ్చుకోదగినదే. కానీ వందల కోట్ల సినిమాలు తీస్తున్న పరిశ్రమలో పనివాళ్ళ దగ్గర నెల రోజుల నిల్వ లేదన్నది ఆ బియ్యం సంచులే చెప్పాయి.

ఇప్పుడు కాలం మారింది, ఫోనులో ఖాతా, ఫోనులో మ్యూచువల్ ఫండు, వంద రూపాయలతో మొదలుపెట్టొచ్చు, దాచుకోవాలనే బుద్ధుంటే అడ్డేముంది అనేది చివరి అభ్యంతరం. అడ్డం అదే నెలవారీ తేదీ. ఖాతాలో డబ్బు లేని రోజున వాయిదా తన్నేస్తే బ్యాంకు జరిమానా వేస్తుంది. 2015లో వచ్చిన అటల్ పెన్షన్ యోజనలో మూడు నెలలకో, ఆరు నెలలకో కట్టే వీలుంది. అది మంచి ఏర్పాటు, సినిమావాళ్ళకు సరిపోయేది. కానీ నలభై దాటితే చేరడానికి లేదు, వచ్చే పెన్షను నెలకు 5 వేలు మించదు. బుద్ధి అవసరం లేదని నేననను. తాగుడుకు, పేకాటకు పోయిన పారితోషికాల లెక్క ఫిలింనగర్‌లో అందరికీ తెలుసు. కానీ బుద్ధి గట్టిగా ఉన్నవాళ్ళు కూడా దారి లేకపోతే మునిగారు. దారి ఉన్నప్పుడు మామూలు మనుషులు కూడా గట్టెక్కారు. చరిత్ర చూపిస్తున్నది ఇంతవరకే, కానీ ఇది తక్కువేమీ కాదు.

2025 ఆగస్టు 4 నుంచి 18 రోజులు తెలుగు సినిమా షూటింగులు ఆగాయి. ఫెడరేషన్ 30 శాతం పెంపు అడిగింది. చివరికి రోజుకు 2 వేల లోపు తీసుకునేవాళ్ళకు మూడేళ్ళలో 22.5 శాతం, 2 వేల నుంచి 5 వేల దాకా తీసుకునేవాళ్ళకు 17.5 శాతం పెంచడానికి ఒప్పందం కుదిరింది. బేరమంతా చేతికొచ్చే కూలి మీదే నడిచింది. చేతికి రాకుండా కార్మికుడి పేరుమీద పక్కకు పోవాల్సిన భాగం గురించి అంత పట్టుదల కనిపించలేదు. ఫెడరేషన్ దగ్గర సభ్యుల జాబితా ఉంది. ఏ రోజు ఎవరు ఏ సినిమాకు పనిచేశారో రాసే పద్ధతి ఉంది. నిర్మాతలకు ఛాంబరు ఉంది. రోజు కూలిలో ఒక చిన్న వాటా, దానికి సమంగా నిర్మాత వాటా, పని చేసిన రోజున మాత్రమే, కార్మికుడి సొంత ఖాతాలోకి నేరుగా పోయేట్టు చెయ్యడానికి కొత్త చట్టం అక్కర్లేదు, రెండు సంతకాలు చాలు. పని లేని నెలలో కంతు ఉండదు, జామీను ఉండదు, పారిపోయే ఆసామీ ఉండడు. 2025 నాటి కూలి ఒప్పందం గడువు 2028లో తీరుతుంది. అప్పుడు బల్లకు రెండు వైపులా కూర్చునేవాళ్ళు శాతాల గురించి మాట్లాడే ముందు ఈ ఒక్క షరతు రాసుకోవాలి.